కమాను కింద కాటా

ఈ గుడిని చూడాలని మీకెప్పుడైనా అనిపిస్తే, ప్రస్తుతానికి బయట నిలబడి చూడండి. తలుపులకు తాళం ఉంది. ఆదివారం పూజ ఆవరణలో షామియానా కింద జరుగుతోంది. ఆ తాళం పడటంలో నా హస్తం ఉందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. నేను ఖండించను. అలాగని ఈసారి అక్కడికి వెళ్లినప్పుడు ఎవరైనా అడిగితే ఒప్పుకోను కూడా. సత్తెనపల్లి దాటి మిరప చేల మధ్యగా పోతుంటే చాలా దూరం నుంచే రెండు గంట గోపురాలు కనిపిస్తాయి, అదే గుడి. ఊరి పేరు రాయొద్దని ఫాదర్ గారు బతిమాలారు కాబట్టి అంతకన్నా దారి చెప్పను.

నేను వెళ్లింది శిల్పకళ మీద ప్రేమతో కాదు. నా మేనకోడలు రోజీ కోసం. దానికి మూడేళ్లు నిండాయి. పోయిన వానాకాలం డెంగీ వచ్చి గుంటూరు ఆసుపత్రిలో అద్దం తలుపుల వెనక చాలా రోజులు పడుకుంది. అప్పుడు మా అక్క రూతు, పాప బతికి బయటపడితే ఆ గుడిలో పాపను కాటాలో తూచి దాని బరువుకు సమంగా ఎండుమిరపకాయలు ఇస్తానని మొక్కుకుంది. మేం వేటపాలెం బాప్టిస్టులం. మా ప్రార్థన మందిరమంటే నాలుగు గోడలు, రెండు ట్యూబులైట్లు, గోడ మీద ఒక వాక్యం. బొమ్మలూ మొక్కులూ మాకు లేవు. అక్క అత్తవారు మాత్రం తాతల నాటి నుంచి ఆర్‌సీఎం, అంటే కేథలిక్కులు. ఆసుపత్రి వరండాలో నిలబడ్డప్పుడు ఎవరి పద్ధతిలో ప్రార్థించాలో అక్క ఎవరినీ అడగలేదు.

ఆ ఊరి ఆచారం ప్రకారం పిల్లను కాటా పళ్లెంలో కూర్చోబెట్టాల్సింది మేనమామ. వేరేవాళ్లు కూర్చోబెడితే మొక్కు చెల్లదు. నేను తుళ్లూరు దగ్గర ఒక కట్టడంలో సైట్ ఇంజనీరుని. పచ్చి కాంక్రీటుకు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం నా ముఖ్యమైన పని. ఆ పని నుంచి సెలవు దొరికింది. బయల్దేరేటప్పుడు అమ్మ కమ్మటి వాసనొచ్చే వేయించిన జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టి, "అక్కడ బొమ్మల ముందు వంగమంటే నడుం నొప్పని చెప్పు" అంది.

చిలకలూరిపేట దారి

చీరాలలో ఎక్కిన బస్సులో కిటికీ పక్క రోజీ, మధ్యలో అక్క, చివర నేను. ఇన్నయ్య బావ, వాళ్లమ్మ శౌరమ్మ అత్తయ్య ముందే ఊరు చేరి మిరపకాయల బస్తా సంగతి చూస్తున్నారు. దారి పొడుగునా అక్క చెయ్యి పాప నుదుటి మీదే ఉంది. జ్వరం తగ్గి నెలలు దాటింది. రోజీ ఆ చేతిని టోపీలా భరిస్తూ చేలు చూస్తోంది.

"ఒకసారి నువ్వు చూడరా, వెచ్చగా ఉందేమో."

"ఎండలో బస్సెక్కాం, అందరం వెచ్చగానే ఉన్నాం. డ్రైవర్‌ని కూడా చేర్పిద్దామా?"

"నిన్ను అడిగాను చూడు, నాది బుద్ధి తక్కువ."

పేట ఇంకా రాకముందే మా ముందుకు ఒక మిర్చి లారీ వచ్చింది. బస్తాలు లారీలో కన్నా లారీ పైన ఎక్కువున్నాయి. మలుపు తిరిగినప్పుడల్లా ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకుని, మళ్లీ నిటారుగా అయ్యేది. మా డ్రైవర్‌కు దాన్ని దాటాలన్న పట్టుదల ఉంది, దారి లేదు. ఒక చేత్తో హారన్, ఒక చేత్తో ఫోను. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉందో నేను చూడదల్చుకోలేదు. ఆ లారీ ఘాటుకు బస్సంతా దగ్గు మొదలైంది. రోజీ దగ్గింది. అక్క మొహంలో రక్తం లేకుండా పోయింది.

వెనక సీట్లోంచి ఒకావిడ ముందుకు వంగింది. పత్తి తీతకు వెళ్లొస్తున్న మనిషి, చీర కొంగు నిండా దూది పీచు. తన సీసాలో నీళ్లతో ఒక గుడ్డ తడిపి అక్కకు అందించింది.

"ముక్కుకి అడ్డం పెట్టమ్మా. ఏం కాదు. ఈ ఘాటుకి తుమ్మకపోతే అప్పుడు భయపడాల. ఏ ఊరు పోతన్నారు?"

అక్క చెప్పింది.

"కాటా గుడికా? మా చిన్నోడ్ని గూడా ఆడే తూచాం. మేం హిందువులమేలే, ఆ తల్లికి అట్టాంటియ్యేం లేవు." నా వైపు తిరిగింది. "మేనమామవా? అయితే తూచేటప్పుడు పైకి చూడమాక. కళ్లల్లో ఇసక పడుద్ది."

"ఇసుకెందుకు పడుతుందండీ?"

"దీవెన" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

సత్తెనపల్లి

బస్సు మారే చోట మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు ముప్పై రూపాయలు. బండి ఆయన్ని "కారం ఉంటుందా?" అని అడిగాను. "ఉండదు బాబు, చిన్నపిల్లలు తింటారు" అన్నాడు. ఆ చిన్నపిల్లల్ని నాకు చూడాలనిపించింది. మా వైపు చుట్టాలొస్తే కూరలో జీడిపప్పు వేస్తాం, ఉప్మాలో వేస్తాం, ఏమీ తోచకపోతే ఉత్త గుప్పెడు చేతిలో పోస్తాం. ఇక్కడ అదే మర్యాద మిరపకాయతో చేస్తారు. నాకు నోట్లోంచి మాట రాకపోవడం అక్క పెళ్లి తర్వాత అదే మొదటిసారని ఆవిడే చెప్పింది.

ఊరికి ఆటోలో వెళ్లాం. రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేల కనిపించనంత ఎరుపు. జిన్నింగు మిల్లు నుంచి కొట్టుకొచ్చిన దూది రోడ్డు పక్క తుమ్మ కొమ్మలకు పట్టుకుని వేలాడుతోంది. ఆటో అబ్బాయి రోజీని అద్దంలో చూసి, "పాప బాగా చిక్కిపోయిందే" అన్నాడు. ఆ మాట వాడికి అవసరం లేదు. అక్క చెయ్యి మళ్లీ పాప నుదుటి మీదికి పోయింది.

గుడి ముందు

గుడిని కట్టించింది ఎప్పుడో వచ్చిన తెల్ల ఫాదర్లు. కట్టింది మాత్రం ఈ చుట్టుపక్కల మేస్త్రీలు. ఆ సంగతి తెలియడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, తలుపు మీదికి చూస్తే చాలు.

మధ్య ద్వారం మీద కడపటి తీర్పు. అంతా గచ్చు పని, రంగులద్దిన సున్నపు బొమ్మలు. కుడివైపు మోక్షం. మబ్బులు ఉండాల్సిన చోట విచ్చుకున్న పత్తి కాయలు, వాటిలోంచి తలలు బయటపెట్టి చూస్తున్న పుణ్యాత్ములు. ఎడమవైపు నరకం. నరకాన్ని ఊహించుకోవడానికి ఆ మేస్త్రీలు ఎక్కువ దూరం పోలేదు. అది అచ్చం మిరప కల్లం. ఎర్రటి రాశుల మధ్య పాపులు ముక్కులు పట్టుకుని కూర్చున్నారు. ఒక దయ్యం చేటతో వాళ్ల మీదికి విసురుతోంది. పేతురు గారి తాళంచెవుల గుత్తి మొలతాడుకు కట్టి ఉంది. మా పాస్టర్ గారు నరకం గురించి గంటసేపు చెప్పినా నాకు ఆవలింతే వచ్చేది. ఈ బొమ్మ కింద ఉన్న కాస్తసేపూ అక్క కొంగు పట్టుకుని నిలబడ్డాను. పొద్దుట తిన్న బజ్జీ కూడా అందుకు కొంత సాయపడి ఉండొచ్చు.

శౌరమ్మ అత్తయ్య ఎదురొచ్చింది. నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పదెకరాల మిరప, పత్తి ఆవిడ గొంతు మీదే నడుస్తాయి. రోజీని ఎత్తుకుని రెండుసార్లు పైకి ఎగరేసి చూసింది. మూడోసారి ఎగరెయ్యకుండా చంకలో పెట్టుకుంది.

లోపల

చెప్పులు బయట వదిలి లోపలికి వెళితే ముందు చల్లదనం. తర్వాత కళ్లు అలవాటు పడ్డాక పైకప్పు కనిపిస్తుంది.

పొడవాటి హాలు, గోడలకు ఆనించి రెండు వరసల స్తంభాలు. ఒక స్తంభం నుంచి ఎదుటి స్తంభానికి ఇటుక కమాను. అలాంటి కమానులు వరసగా పీఠం దాకా. కమానుల మధ్య కప్పు లోపలంతా తడి సున్నం మీద వేసిన బొమ్మలు. అన్నిటికన్నా పెద్దది మూడో కమాను దగ్గరుంది: మరియమాత నీలం దుప్పటి చాపి నిలబడింది, ఆ దుప్పటి కింద నడుములకు పత్తి సంచులు కట్టుకున్న ఆడవాళ్లు, మిరప బుట్టలు నెత్తినెట్టుకున్న మగవాళ్లు, ఒక ఎద్దు, ఒక కుక్క. చుట్టూ సన్మనస్కులు. మేం దూతలంటాం, వాళ్లు సన్మనస్కులంటారు. అందులో ఒకాయనకు మీసాలున్నాయి. రంగులేసిన వాడి మామగారట. టేకు పీఠం మీద ద్రాక్ష తీగ ఉండాల్సిన చోట కాయలతో సహా మిరప మొక్కలు చెక్కారు. కిటికీల రంగు అద్దాల్లోంచి పడ్డ వెలుగు నేల మీది నాపరాళ్ల మీద పాకుతోంది. రోజీ ఆ ఎరుపులోకి ఒక కాలు పెట్టి, కాలిందేమోనని తీసి చూసుకుంది.

నాకు బాగా నచ్చినవి బంగారు పూలు. ప్రతి కమాను మొదట్లో, స్తంభం తల మీద అటొకటి ఇటొకటి, గుప్పెడంత గుండ్రటి పూలు. మధ్యలో చిన్న బొడిపె. ఫోటోలు తీశాను.

మూడో కమానుకు మాత్రం పూలు లేవు. అక్కడ ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక లావాటి ఇనుప కడ్డీ అడ్డంగా ఉంది. దాని నడుమ ఒక కొక్కెం, కొక్కేనికి పెద్ద కాటా. ఒక్కో పళ్లెంలో మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. ఉపదేశి బాలశౌరి గారు, అంటే పూజకు అన్నీ అమర్చిపెట్టి ఊరివాళ్లకు జపాలు నేర్పే పెద్దాయన, కాటాను కొబ్బరినూనెతో తుడుస్తున్నారు.

"తెల్లదొరలు ముందుచూపుతో పెట్టారండీ ఈ కడ్డీ" అన్నారు. "పిల్లల్ని తూచటానికని."

కడ్డీ నడుమ కిందికి విల్లులా వంగి ఉంది. ఎన్ని మొక్కులు మోసిందో పాపం అనుకున్నాను. ఫోటో తీశాను.

వ్యాపారి మొక్కు

ఆ సాయంత్రం బ్యాండు మేళంతో గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన వచ్చాడు. గుండె ఆపరేషన్ అయ్యి బతికాడట, తన బరువు మిరపకాయలు మొక్కుకున్నాడు. ఎముకల మీద మాంసం విషయంలో ఆయనకు ఏ లోటూ లేదు. పెద్దవాళ్లను తూయడం ఈ మధ్యే మొదలైందని అత్తయ్య చెప్పింది. ఆయన మేనమామ ఎనభై దాటిన ముసలాయన, మేనల్లుడి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినట్టు నటించాడు. ఒక పళ్లెంలో ఆయన, రెండో పళ్లెంలోకి బస్తాలు.

కాటా సమానమయ్యేసరికి పైన ఒక చప్పుడు వినిపించింది. పెద్దది కాదు. ఎండిన కొమ్మ ఎక్కడో మడమ కింద విరిగినట్టు. తర్వాత సన్నగా, తెల్లగా, పిండిలాగా రాలింది. జనం ఒక్కసారిగా చేతులు చాపారు. ఆ పొడిని కళ్లకద్దుకున్నారు. ఒక తల్లి కొంత పిల్లాడి నెత్తిన రాసింది. బ్యాండు వాళ్లు ఇంకో పాట అందుకున్నారు.

బస్సులో ఆవిడ వద్దన్నా నేను పైకి చూశాను. మాత నీలం దుప్పటి మధ్యలో ఒక గీత. మొదట దుప్పటి మడత అనుకున్నాను. మడత ఎద్దు వీపు మీదుగా పోదు. సన్మనస్కుడి మీసాన్ని రెండు చెక్కలు చెయ్యదు.

బంగారు పూలు

జనం తగ్గాక బాలశౌరి గారి దగ్గరికి వెళ్లాను. ఏదో మాట కలపాలి కదా అని, "ఈ పూలు చాలా బాగున్నాయండీ" అన్నాను.

"మా నాన్నగారి హయాంలో చేయించినయ్యి అవి. అంతకుముందు ఆడ గూడా కడ్డీలే ఉండేయి."

"ఎక్కడండీ?"

"అన్నిట్లోనూ. కమానుకొకటి. తూచటానికి ఒకటి చాలు గదండీ. మిగతాయి పావురాలు కూర్చోటానికి తప్ప ఎందుకూ పనికిరావటంలా. కోయించి, మొదళ్లు మొండిగా కనపడకుండా పైన పూలు పెట్టించారు."

నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను.

ఇంజనీరింగు తెలియనివాళ్ల కోసం చెప్తాను. కమాను కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది గానీ, అది పగలూ రాత్రీ కింది గోడల్ని బయటికి నెడుతూనే ఉంటుంది. నున్నటి గచ్చు మీద రెండు కాళ్లూ ఎడంగా జారిపోతున్న మనిషిని ఊహించుకోండి. ఆ కాళ్లు ఇంకా జారకుండా చీలమండలకు కట్టిన తాడు ఆ కడ్డీ. ఇక్కడ తాళ్లన్నీ కోసి మొదళ్లకు పూలు పెట్టారు. మిగిలిన ఒక్కదానికి మిర్చి వ్యాపారుల్ని వేలాడదీస్తున్నారు.

నేను జీవితంలో కమాను కట్టలేదు. పెళ్లి పందిట్లో థర్మకోల్ కమాను తప్ప దేన్నీ ఇంత దగ్గరగా చూడలేదు. అందుకని నా మాట నేనే నమ్మకుండా బయటికి వెళ్లాను. కడ్డీ చివర గోడ దాటి బయటికొచ్చి ఒక ఇనుప సిలువ పలకతో ముగుస్తుంది. ఆ పలక గోడలోకి కూరుకుపోయి ఉంది, చుట్టూ ఇటుకలు నలిగి తుప్పు కారుతోంది. ఒక పొడవాటి తాడుకు ఫోన్ చార్జరు వైరు కలిపి, చివర తాళంచెవులు కట్టి గుడి మిద్దె మీది నుంచి గోడ వెంట కిందికి వదిలాను. గోడ నిటారుగా ఉంటే తాళంచెవులు గోడకు ఆనుకుని దిగాలి. జానెడు దూరంలో గాలిలో ఊగాయి. పైన గోడ అంత బయటికి ఒరిగింది. ఆ దారిన పోతున్న ఒకాయన ఆగి, "ఫోను పడిందా బాబు?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

ఆ పూటే అక్కకు చెప్పాను. అత్తయ్య వాళ్ల వసారాలో రోజీకి అన్నం తినిపిస్తోంది.

"అక్కా, రేపు పాపను ఆ కాటాలో కూర్చోబెట్టను."

"సరే, నువ్వు కూర్చో. ఎవరో ఒకరు తూగాలి గదా."

"జోక్ కాదే. ఆ కడ్డీ పోతే కప్పు పోతుంది."

"ఒరేయ్, ఇంటికి నిప్పంటుకుందని నువ్వొచ్చి చెప్పినా ముందు అందరం నవ్వుతాం. తెలుసా నీకు?" అని ముద్ద కలపడం ఆపి నా మొహం చూసింది. అప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. "మొక్కు తీర్చలేదని మళ్లీ వస్తే? అదే జ్వరం మళ్లీ వస్తే నువ్వొచ్చి ఆపుతావా? ఆ అద్దం తలుపుల బయట నువ్వు ఒక్క పూట నిలబడ్డావా?"

నిలబడలేదు. ఆ వారమంతా సైట్‌లో కాంక్రీటు పోశారు.

"పాపను తూస్తున్నాం. అంతే" అంది.

ఫాదర్ గారి గది

పొద్దున్నే ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. సన్నటి మనిషి, ఈ విచారణకు, అంటే ఈ గుడి కిందికొచ్చే ఊళ్లకు, కొత్తగా బదిలీ అయ్యి వచ్చారు. టీ ఇచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు. నవ్వుతారనుకున్నాను. లేచి వెళ్లి తలుపు దగ్గరకు వేసి వచ్చారు.

"నాకూ అనుమానంగానే ఉందండీ. మీరు గమనించారో లేదో, పూజ చేసేటప్పుడు నేను వచ్చిన కొత్తలో నిలబడ్డ చోట ఇప్పుడు నిలబడటం లేదు. కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతున్నాను. పీఠం మీది కప్పు రాతిది, అది గట్టిది. ఇంకొంచెం జరిగితే గోడలో కలుస్తాను."

"మరి జనం?"

ఆయన టీ కప్పులోకి చూశారు. "అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. పెద్దల కమిటీకి ఒకసారి చెప్పాను. పోయిన ఫాదర్ గారు ఇన్నేళ్లు ఏమీ అనలేదే అన్నారు. ఆ కడ్డీ మీద తూయొద్దంటే నన్ను తూస్తారు."

"నేను ఈరోజు కూర్చోబెట్టనంటాను."

"మీరు బాప్టిస్టులు. అందుకే అంటున్నారంటారు."

"అంటారు."

"అయినా అనండి" అన్నారాయన, నా చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి చల్లగా ఉంది. "మేనమామ కాదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీరు మొదలుపెడితే నేను వెనక మాట్లాడతాను." ఇద్దరు పిరికివాళ్లం కలిసి అలా ఒక ధైర్యవంతుణ్ని తయారుచేశాం. ఆ అదురుకు కప్పు రాలుతుందేమోనని గంట మాత్రం కొట్టించొద్దని చెప్పి వచ్చాను.

మూడో కమాను

ఆ రోజు గుడి పండగ కాబట్టి లోపల నిండా జనం. నాకు వాళ్లంతా తలల్లాగే కనిపించారు. కాటా పక్కన బావ మిరపకాయల బస్తా నిలబెట్టాడు. అక్క రోజీకి కొత్త గౌను తొడిగింది. బాలశౌరి గారు పళ్లెంలో తెల్ల గుడ్డ పరిచి, "మేనమామ రావాల" అన్నారు.

వెళ్లాను. రోజీని ఎత్తుకున్నాను. "కూర్చోబెట్టనండీ" అన్నాను. "ఈ కడ్డీకి తూచేదైతే కూర్చోబెట్టను. ఇది తూచటానికి పెట్టింది కాదు. గోడల్ని పట్టుకోవటానికి పెట్టింది. ఇది ఊడితే ఇదంతా మన మీద పడుతుంది."

వెనక నుంచి ఒక గొంతు, "ఏందంట?" అంది. ఇంకో గొంతు, "బాప్టిస్టులులే, మొక్కులంటే పడదు వాళ్లకి" అంది. ఎవరో నవ్వారు. బాలశౌరి గారి మొహం ఎర్రబడింది. "నేను పుట్టినకాడ్నించి చూస్తన్నా. ఎంతమందిని తూచాం దీనికి. నిన్నగాక మొన్నొచ్చి గుడి పడుద్దంటాడేంది ఈయన?"

"చిన్నోడా, పరువు తీయకురా" అంది అక్క, పళ్ల బిగువున.

శౌరమ్మ అత్తయ్య జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. తల ఎత్తి నన్ను చూసింది. "ఏం అబ్బాయ్, ఎగతాళా, నిజమా?"

"నిజం అత్తయ్యా."

ఆవిడ నా మొహాన్ని నమ్మలేదు, అది నా మొహం తప్పు. రోజీ వీపు కింద నా చేతులు చూసింది. గౌను కుచ్చులు ఊగుతున్నాయి. గాలి లేదు.

"ఈడు ఎగతాళి చెయ్యటంలా" అంది అందరికీ వినపడేట్టు. "భయపడతన్నాడు."

అప్పుడు ఫాదర్ గారు పీఠం దగ్గర నుంచి ఒక్కో అడుగే వేసుకుంటూ కమానుల కిందికి వచ్చారు. మాట ప్రకారం నా పక్కన నిలబడ్డారు. "నేనూ ఆయన మాటే అంటున్నాను" అన్నారు. ఆయన గొంతు వణికింది గానీ మైకు లేకపోవడం వల్ల ముందు వరస దాటి ఎవరికీ తెలియలేదు.

బావ మాట్లాడగా విన్నవాళ్లు తక్కువ. బయటికి వెళ్లి ట్రాక్టరు తొట్టిలోంచి ఒక వెదురు బొంగు తెచ్చాడు. చేలో పత్తి తూచేటప్పుడు ఇద్దరు మనుషులు బొంగు భుజాల మీద పెట్టుకుని నిలబడితే మధ్యలో కాటా వేలాడదీస్తారు. కడ్డీ నుంచి కాటా దించి బొంగుకు తగిలించి, ఒక కొస తన భుజం మీద పెట్టుకుని, రెండో కొస నా వైపు చాపాడు.

"కడ్డీకి కట్టకపోతే మొక్కెట్టా అవుద్దమ్మా?" అన్నారు బాలశౌరి గారు.

"మొక్కింది కడ్డీకా బాలశౌరీ, తల్లికా?" అంది అత్తయ్య.

ఆయన తల ఎత్తి మాత బొమ్మను చూశారు. "అయితే ఆ తల్లి చూసేచోటే తూయాల" అన్నారు చివరికి. "పక్కకి పోటానికి లేదు."

అక్క నా వైపు చూసింది. వద్దంటావా అని కాదు, ఒప్పుకో అని. ఇన్నేళ్లు నిలబడింది, బరువేమీ తగిలించకపోతే ఇంకొద్దిసేపు నిలబడదా అనుకున్నాను. కూలిన కట్టడాల కింద దొరికిన వాళ్లంతా చివరిగా అనుకునేది ఇదే అయ్యుంటుంది. తల ఊపాను.

ఫాదర్ గారు గొంతు సవరించుకుని, ఆవరణలో భోజనాలు వడ్డిస్తున్నారని, నాటుకోడి కూర ముందొచ్చినవాళ్లకే అందుతుందని ప్రకటించారు. ఏ కూలిపోయే కప్పూ జనాన్ని అంత త్వరగా ఖాళీ చేయించలేదు. బ్యాండు వాళ్లు డప్పులు వదిలేసి వెళ్లారు.

మిగిలింది మేమే. రోజీని పళ్లెంలో కూర్చోబెట్టాను. గొలుసులు పట్టుకోమన్నాను. బొంగు కొస భుజం మీద పెట్టుకుని లేచాను.

నేను సైట్‌లో సరదాకి సిమెంటు బస్తా ఎత్తినవాణ్ని. ఆ బరువుకు సిద్ధపడి లేచాను. భుజం మీద ఏమీ పడలేదు. గొలుసులు ఎక్కడైనా నేలకు తగిలాయేమోనని చూశాను. తగల్లేదు. పళ్లెం గాలిలోనే ఉంది, రోజీ అందులోనే ఉంది.

బాలశౌరి గారు రెండో పళ్లెంలోకి దోసిళ్లతో మిరపకాయలు పోయడం మొదలుపెట్టారు. రోజీ తుమ్మింది. పైన చప్పుడేదో వినపడింది, లేదా వినపడిందనుకున్నాను. మెడ మీద సన్నగా ఇసక పడింది. దులుపుకోవడానికి చెయ్యి లేదు. మాత దుప్పటి వైపు చూడకుండా బావ వీపు చూస్తూ నిలబడ్డాను.

పళ్లేలు సమానమయ్యాయి. బాలశౌరి గారి దోసిలి ఆగింది.

బస్తాలో ఇంకా మిరపకాయలున్నాయి. అడుగున నాలుగు కాదు, పావు వంతు దాకా. పాపను వానలకు ముందు అంగన్‌వాడీలో తూచిన బరువును బట్టి అక్క బస్తా తూయించింది. ఇప్పటికి కొంచెం పెరిగి ఉంటుంది కదా అని పైన ఇంకొంచెం కూడా వేయించింది. అక్క ఆ బస్తా వైపు చూస్తూ ఉంది. గోడ ఎంత ఒరిగిందో చూసినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

బాలశౌరి గారు బస్తా మూతి మెల్లగా ముడుస్తున్నారు.

"ముడవమాక" అంది అత్తయ్య. "మొత్తం పొయ్యి."

"తూకం తప్పుద్దమ్మా."

"తప్పనియ్యి. పైనది వచ్చే ఏటి బరువు. అప్పటికి అంత అయిద్దని ఆ తల్లికి ఇప్పుడే చెప్పి పెడుతున్నా. పొయ్యి."

ఆయన అక్క వైపు చూశారు. అక్క తల ఊపింది. ఆయన బస్తా ఎత్తి పళ్లెంలోకి తిరగేశారు. ఆ పళ్లెం దాదాపు నేల దాకా దిగింది. రోజీ నా ఛాతీ ముందు నుంచి, గడ్డం ముందు నుంచి పైకి లేచి నా కళ్లకు సమానంగా వచ్చి ఆగింది.

"మామయ్యా, నేను పెద్దయ్యా" అంది.

భుజం మీద ఇప్పుడు బరువు పడింది. బొంగు ఎముకలోకి దిగుతోంది.

"కదలమాకురా" అన్నాడు బావ.

కదల్లేదు.